పైన కుట్లు మానాయి.. మరి కడుపు లోపల సంగతేంటి? ఆపరేషన్ అయిన ప్రతి ఇంట్లో తెలుసుకోవాల్సిన విషయం!

బంగారుపాళ్యం, చిత్తూరు జిల్లా: సిజేరియన్ అయిన కోడలికి పప్పు పెట్టొద్దంటుంది అత్తగారు. 'కుట్లు చీము పడతాయి' అని ఆమె భయం. అపెండిక్స్ ఆపరేషన్ అయిన కుర్రాడు పదో రోజుకే మామిడి మండీలో తోతాపురి క్రేట్లు ఎత్తడానికి సిద్ధమైపోతాడు. 'పైన మచ్చ ఎండిపోయింది కదా, ఇంకేం కాదు' అని అతని ధైర్యం. ఎనిమిదేళ్ల కిందట కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న ఇంకొకామె రెండు రోజులుగా కడుపునొప్పి, వాంతులతో బాధపడుతున్నా 'గ్యాసే' అనుకుని సోడా తాగి పడుకుంటుంది.

ఈ ముగ్గురి అనుమానాలకూ జవాబు ఒకే చోట ఉంది. అదే కడుపు లోపలి గోడలను, పేగులను కప్పి ఉంచే పల్చటి పొర. డాక్టర్లు దాన్ని పెరిటోనియం అంటారు. కడుపు మీద కత్తి పడిన ప్రతిసారీ ఈ పొర తెగుతుంది. తెగిన ప్రతిసారీ తనంతట తానే మానుతుంది. అయితే చర్మం మానే పద్ధతి వేరు, ఇది మానే పద్ధతి వేరు. ఆ తేడా తెలిస్తే ఏది మామూలు నొప్పి, ఏది ప్రమాదపు నొప్పి అన్నది ఇంట్లో వాళ్లే గుర్తుపట్టగలరు.

ఇది ఎవరికో ఒకరికి సంబంధించిన విషయం కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. తెలంగాణలో అది 60.7 శాతం. దేశ సగటు 21.5 శాతం మాత్రమే. పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందు వరుసలో ఉంది. అంటే మన ఊళ్లలో కడుపు లోపల ఒక పాత గాయం లేని ఇల్లు దొరకడమే కష్టం.

అసలు ఏమిటీ పొర?

కోడిని కోసేటప్పుడు చూసే ఉంటారు. పేగుల మీద, పొట్ట గోడ లోపలి వైపున నున్నగా, తడిగా, మెరుస్తూ ఒక పల్చటి పొర కనిపిస్తుంది. మనుషుల్లోనూ అలాంటిదే ఉంటుంది. పొట్ట గోడ లోపలి భాగాన్ని కప్పే పొర ఒకటి, పేగులు, కాలేయం, గర్భసంచి లాంటి అవయవాలను చుట్టుకునే పొర ఇంకొకటి. నిజానికి రెండూ ఒకే దుప్పటికి రెండు మడతలు. అంతా విప్పి పరిస్తే దాదాపు మన ఒంటి మీద చర్మం అంత వైశాల్యం వస్తుంది. మందం మాత్రం చాలా తక్కువ. పైన ఒకే ఒక్క వరుస కణాలు, వాటి కింద కాస్త బంధన కణజాలం. అంతే.

ఈ రెండు మడతల మధ్య కొన్ని చెంచాల ద్రవం ఉంటుంది. బండి ఇంజిన్‌లో ఆయిల్ ఎలాగో ఇదీ అలాగే. మనం తిన్నప్పుడల్లా ఆరు మీటర్ల చిన్నపేగు ఒకదానిమీద ఒకటి జారుతూ, మెలికలు తిరుగుతూ కదులుతుంది. ఈ నునుపు, ఈ తడి లేకపోతే ఆ కదలిక సాధ్యం కాదు.

నొప్పి విషయంలోనూ ఈ రెండు మడతలకు తేడా ఉంది. పేగుల మీద పొరకు నొప్పి వస్తే ఎక్కడో సరిగ్గా చెప్పలేం. బొడ్డు చుట్టూ ఏదో మెలిపెట్టినట్టు ఉంటుంది. పొట్ట గోడ వైపు పొరకు వాపు వస్తే మాత్రం వేలు పెట్టి చూపించగలిగేంత స్పష్టంగా నొప్పి తెలుస్తుంది. అపెండిక్స్ నొప్పి మొదట బొడ్డు దగ్గర మొదలై, కొన్ని గంటల తర్వాత కుడివైపు కిందికి దిగడానికి కారణం ఇదే. వాపు లోపలి పొర నుంచి బయటి పొరకు పాకిందన్న మాట. కడుపు చెక్కలా గట్టిపడి, చెయ్యి వేస్తే తట్టుకోలేకపోతే పొర మొత్తానికీ ఇన్ఫెక్షన్ పాకిందేమోనని డాక్టర్లు కంగారు పడేది కూడా అందుకే.

గాయం ఎలా అవుతుంది?

ఆపరేషనే పెద్ద కారణం. కానీ అదొక్కటే కాదు. కడుపులో పుండు పగలడం, అపెండిక్స్ చిట్లడం, టైఫాయిడ్ ముదిరి పేగుకు రంధ్రం పడటం.. వీటన్నిటిలోనూ దెబ్బ తగిలేది ఈ పొరకే. మోకాళ్ల నొప్పులకనీ, నడుము నొప్పికనీ మెడికల్ షాపులో తెచ్చుకున్న మాత్రలు ఖాళీ కడుపుతో నెలల తరబడి మింగేవాళ్లకు పుండు పగిలే ముప్పు ఎక్కువ.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైన కారణాలు కొన్ని ఉన్నాయి. సంక్రాంతి వచ్చిందంటే చంద్రగిరి మండలం రంగంపేటతో పాటు చాలా పల్లెల్లో పశువుల పండగ జరుగుతుంది. పరుగెత్తే ఎద్దు కొమ్ము కడుపులో దిగితే బయట కనిపించే గాయం చిన్నదే కావచ్చు, లోపల పేగు దాకా చీలి ఉండొచ్చు. మామిడి చెట్టు మీంచి జారి పడేవాళ్లున్నారు. ఇక రోడ్డు సంగతి చెప్పక్కర్లేదు. బంగారుపాళ్యం మండలంలోని మొగిలి ఘాట్ పేరు వింటేనే జనం ఉలిక్కిపడతారు. 2024 సెప్టెంబర్‌లో అక్కడ ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొన్న ప్రమాదాన్ని ఇక్కడివాళ్లు ఇంకా మరచిపోలేదు. ఇలాంటి ప్రమాదాల్లో బైక్ హ్యాండిల్, స్టీరింగ్ కడుపుకు బలంగా తగిలితే పైన చిన్న గీత కూడా పడకుండా లోపల రక్తస్రావం కావచ్చు. 'దెబ్బేం కనిపించడం లేదు కదా' అని ఇంటికి వెళ్లిపోవడం ప్రాణాల మీదకు తెస్తుంది.

చర్మం ఒకలా.. లోపలి పొర మరోలా!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మోకాలు గీరుకుపోతే ఎలా మానుతుందో గమనించారా? అంచుల నుంచి కొత్త చర్మం మెల్లగా మధ్యలోకి పాకుతుంది. గట్టు మీంచి గరిక చేలోకి పాకినట్టు. అందుకే చిన్న గాయం త్వరగా, పెద్ద గాయం ఆలస్యంగా మానుతుంది.

కడుపు లోపలి పొర అలా మానదు. నారుమడిలో వడ్లు చల్లితే మడి అంతా ఒకేసారి మొలకెత్తినట్టు, గాయం మొత్తం మీద అక్కడక్కడా కొత్త కణాలు ఒకేసారి పుట్టుకొస్తాయి. చిన్న చిన్న దీవుల్లా మొదలై, పెరిగి, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఫలితం ఏంటంటే.. రూపాయి బిళ్లంత గాయమైనా, అరచేయంత గాయమైనా మానడానికి పట్టే సమయం దాదాపు ఒక్కటే. వందేళ్ల కిందటే సర్జన్లు ఈ వింతను గమనించారు. ఆ కొత్త కణాలు ఎక్కడి నుంచి వస్తాయన్న దానిపై పరిశోధకుల్లో చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. పక్కనున్న పొర నుంచి, కింది కణజాలం నుంచి, కడుపులోని ద్రవంలో తేలే కణాల నుంచి.. ఇలా ఒకటికి మించిన దారులున్నాయని చెబుతున్నారు.

రోజు రోజుకీ లోపల జరిగేది ఇదీ..

మొదటి కొన్ని గంటలు: పొర తెగిన చోట రక్తనాళాలు వదులవుతాయి. వాటి నుంచి ప్రొటీన్లతో నిండిన ద్రవం ఊరుతుంది. అందులోని ఫైబ్రిన్ అనే పదార్థం గడ్డకట్టి జిగురులా గాయాన్ని కప్పేస్తుంది. రక్తం ఆగడానికి, కొత్త కణాలు నిలబడటానికి ఈ జిగురు అవసరం.

1, 2 రోజులు: తెల్ల రక్తకణాలు గుంపులుగా వచ్చి క్రిములను, చచ్చిన కణాలను ఊడ్చేస్తాయి. మొదట వచ్చేవి న్యూట్రోఫిల్స్, ఆ వెనకే మ్యాక్రోఫేజ్‌లు. ఈ రెండో దళం శుభ్రం చేయడమే కాదు, కొత్త కణాలకు 'రండి, పెరగండి' అని రసాయన కబురు కూడా పంపుతుంది.

3, 4 రోజులు: పొరను తయారుచేసే కొత్త కణాలు దీవుల్లా కనిపించడం మొదలవుతుంది. ఇదే సమయంలో అవసరం తీరిన ఫైబ్రిన్ జిగురు కరిగిపోవాలి. ఇది చాలా కీలకం. ఎందుకో కింద చూద్దాం.

5 నుంచి 7 రోజులు: దీవులు కలిసిపోతాయి. గాయం చాలా వరకు కొత్త పొరతో కప్పుకుపోతుంది.

8 నుంచి 10 రోజులు: అంతా సవ్యంగా ఉంటే నున్నటి పొర తిరిగి ఏర్పడుతుంది. మచ్చ కూడా దాదాపు మిగలదు.

అంటే బయట చర్మం కుట్లు విప్పే సమయానికి లోపలి పొర కూడా తన పని ముగించేస్తుందన్న మాట. అయితే ఇక్కడో చిక్కుంది. ఈ పొర మానినంత మాత్రాన పొట్ట గోడ గట్టిపడినట్టు కాదు. పొర వెనక ఉండే కండరాల పట్టీ కుదురుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. అందుకే డాక్టర్ చెప్పినంత కాలం.. సాధారణంగా ఆరు వారాల దాకా.. బరువులు ఎత్తొద్దంటారు. మాట వినకుండా క్రేట్లు, నీళ్ల బిందెలు ఎత్తితే కుట్టిన చోట హెర్నియా వచ్చే ప్రమాదం ఉంది. ఆ కుర్రాడు చేసిన పొరపాటు అదే.

జిగురు కరగకపోతే ఏమవుతుంది?

సినిమా పోస్టర్ అంటించడం చూశారు కదా. మైదా జిగురు తడిగా ఉన్నప్పుడు లాగితే కాగితం ఇట్టే వచ్చేస్తుంది. ఒక్కసారి ఎండిపోయిందా.. గోడ సున్నం కూడా ఊడివస్తుంది. ఫైబ్రిన్ కథ కూడా అంతే.

గాయపడిన పేగు పక్కనే ఉన్న ఇంకో పేగుకో, పొట్ట గోడకో ఈ జిగురుతో తాత్కాలికంగా అంటుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న పొర దగ్గర దీన్ని కరిగించే ఏర్పాటు ఉంది. టిష్యూ ప్లాస్మినోజెన్ యాక్టివేటర్ అనే ఎంజైమ్‌ను ఆ పొరే విడుదల చేస్తుంది. గుండెపోటు, పక్షవాతం వచ్చినప్పుడు రక్తపు గడ్డను కరిగించడానికి ఇంజెక్షన్‌గా ఇచ్చేది ఈ రకం మందే. మన కడుపు లోపల అది ఊరికే తయారవుతుంది! మూడు రోజుల్లోపు జిగురు కరిగిపోతే పేగులు విడిపోతాయి, పొర మానిపోతుంది, కథ సుఖాంతం.

కానీ గాయమైన చోట రక్త ప్రసరణ తగ్గినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, రక్తం నిలిచిపోయినా ఈ ఎంజైమ్ తగ్గిపోతుంది. దాన్ని అడ్డుకునే పదార్థం పెరిగిపోతుంది. జిగురు కరగదు. అందులోకి ఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలు చేరి కొల్లాజెన్ పీచును అల్లుతాయి. కొత్త రక్తనాళాలు పాకుతాయి, కొన్నిసార్లు నరాలు కూడా పెరుగుతాయి. చివరికి తాత్కాలిక జిగురు కాస్తా శాశ్వతమైన తాడులా మారిపోతుంది. వీటినే అడ్హీషన్స్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే కడుపులో అతుకులు.

ఈ అతుకులు ఎంత మందికి వస్తాయి? బ్రిటన్ సర్జన్ హెరాల్డ్ ఎల్లిస్ తన జీవితంలో పెద్ద భాగం ఈ ప్రశ్న మీదే పనిచేశారు. మెంజీస్‌తో కలిసి ఆయన 1990లో ప్రచురించిన అధ్యయనంలో, గతంలో కడుపు ఆపరేషన్ అయిన 210 మందిని మళ్లీ ఆపరేషన్ చేసినప్పుడు పరిశీలిస్తే 93 శాతం మందిలో అతుకులు కనిపించాయి. అయితే కంగారు పడకండి. వీరిలో ఎక్కువ మందికి ఆ అతుకుల వల్ల జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు. 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఇంకో అధ్యయనం స్కాట్లాండ్‌లో 1986లో కడుపు, కటి భాగంలో ఆపరేషన్ అయిన 29,790 మందిని పదేళ్లపాటు అనుసరించింది. వారు తిరిగి ఆసుపత్రిలో చేరిన సందర్భాల్లో నేరుగా అతుకులే కారణమని తేలినవి 5.7 శాతం. అంటే అతుకులు దాదాపు అందరికీ వస్తాయి, ఇబ్బంది పెట్టేది కొందరినే. ఆ కొందరిలో మనం ఉంటే ఎలా గుర్తుపట్టాలన్నదే అసలు ప్రశ్న.

కడుపులో ఒక 'పోలీసు' ఉన్నాడు!

అతుకులన్నీ చెడ్డవే అనుకోవద్దు. జీర్ణాశయం కింది నుంచి పేగుల మీద ఏప్రాన్‌లా వేలాడే కొవ్వు తెర ఒకటుంది. దాని పేరు ఒమెంటమ్. అది కూడా ఈ పొరలో భాగమే. ఎక్కడైనా అపెండిక్స్ వాచినా, పేగుకు చిల్లి పడినా ఇది వెళ్లి ఆ చోటికి అతుక్కుని చుట్టేస్తుంది. చీము కడుపంతా పాకకుండా కట్టడి చేస్తుంది. అందుకే బ్రిటన్ సర్జన్ రూథర్‌ఫర్డ్ మారిసన్ వందేళ్లకు పైగా కిందటే దీనికి 'కడుపులోని పోలీసు' అని పేరు పెట్టారు.

సర్జన్లు ఈ గుణాన్ని వాడుకుంటారు కూడా. పుండు పగిలి చిల్లి పడిన చోట ఈ కొవ్వు తెర ముక్కనే అడ్డంగా పెట్టి కుడతారు. 1937లో టొరంటోకు చెందిన రాస్కో గ్రాహమ్ చెప్పిన ఈ పద్ధతి ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. ఇక మన దేశంలో చూస్తే, చీలిన పేగును నల్ల చీమల చేత కరిపించి, తలలు మాత్రం అక్కడే ఉంచి మూసేయాలని సుశ్రుత సంహిత ఎప్పుడో చెప్పింది. కుట్ల పిన్నులు పుట్టక ముందే అదో రకం పిన్ను అన్న మాట.

డాక్టర్లు ఏం మార్చుకున్నారు?

ఒకప్పుడు ఈ పొరను అంచుకు అంచు కలిపి బిగించి కుట్టడమే మంచి ఆపరేషన్ అనుకునేవారు. ఎల్లిస్ లాంటి వాళ్ల పరిశోధనలు ఆ నమ్మకాన్ని కదిలించాయి. తెగిన పొరను వదిలేస్తే నున్నగా మానుతోంది. బిగించి కుడితే కుట్టు పట్టిన చోట రక్తం అందక అక్కడే అతుకులు పడుతున్నాయి. అందుకే సిజేరియన్‌లో ఈ పొరను విడిగా కుట్టాల్సిన అవసరం లేదని బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 'లోపలి పొర కుట్టకుండా వదిలేశారంట' అని ఎవరైనా చెబితే అది నిర్లక్ష్యం అనుకోనక్కర్లేదు.

ఇంకో మార్పు చేతి తొడుగులది. గ్లోవ్స్ సులువుగా తొడుక్కోవడానికి లోపల పౌడర్ వేసేవారు. ఆ పౌడర్ రవ్వంత కడుపులో పడినా పొరకు మంట పుట్టి అతుకులు పడతాయని తేలింది. దాంతో అమెరికా 2017 జనవరి నుంచి పౌడర్ ఉన్న సర్జికల్ గ్లోవ్స్‌ను నిషేధించింది. పేగులను మెత్తగా పట్టుకోవడం, ఎండిపోకుండా తడిపి ఉంచడం, రక్తం నిలవకుండా చూడటం, వీలున్న చోట కీహోల్ ఆపరేషన్ చేయడం.. ఇవన్నీ అతుకులు తగ్గించే మార్గాలే. అవసరమైన కేసుల్లో రెండు అవయవాల మధ్య కొద్ది రోజులు అడ్డుగా ఉండి, తర్వాత కరిగిపోయే పల్చటి ఫిల్మ్‌లు కూడా వాడతారు. పొర మానే ఆ వారం రోజులు రెండింటినీ విడిగా ఉంచడమే వాటి పని. అయితే అతుకులు పూర్తిగా రాకుండా చేసే ఉపాయం మాత్రం ఏదీ లేదు.

'గ్యాస్ పోయిందా?' అని ఎందుకు అడుగుతారు?

చిత్తూరు ప్రభుత్వాసుపత్రి కానివ్వండి, తిరుపతి రుయా, స్విమ్స్ కానివ్వండి, వేలూరు సీఎంసీ కానివ్వండి.. ఆపరేషన్ అయిన మర్నాడు రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ మొదట అడిగేది ఒక్కటే. 'ఏమ్మా, గ్యాస్ పోయిందా?' పక్కన బంధువులుంటే చెప్పడానికి సిగ్గుపడతారు చాలా మంది. కానీ ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న.

కడుపు తెరిచి పొరను ముట్టుకోగానే పేగులు కాసేపు కదలడం మానేస్తాయి. చిన్నపేగు ఒక రోజులోపే తేరుకుంటుంది. జీర్ణాశయానికి ఒకటి, రెండు రోజులు, పెద్దపేగుకు రెండు, మూడు రోజులు పట్టొచ్చు. గ్యాస్ పోయిందంటే దారి మొత్తం తెరుచుకుందని అర్థం. దాచుకోకుండా చెప్పండి. లేచి నాలుగు అడుగులు వేయమంటే బద్ధకించకుండా వేయండి. నడక వల్ల కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు, ఊపిరితిత్తుల్లో కఫం చేరే ముప్పు తగ్గుతాయి.

పప్పు తింటే చీము పడుతుందా?

పడదు. ఇది మన ఇళ్లలో తరతరాలుగా పాతుకుపోయిన అపోహ. పప్పు, వంకాయ, గుమ్మడికాయ 'నంజు' అని పక్కన పెట్టేస్తారు. చీము పట్టడానికి కారణం క్రిములు, పప్పు కాదు. పొర మానాలంటే కొత్త కణాలు పుట్టాలి, కొల్లాజెన్ తయారవ్వాలి. రెండిటికీ ప్రొటీన్ కావాలి. మాంసం రోజూ కొనలేని ఇంట్లో ప్రొటీన్ అందేది కందిబేడల పప్పు, పాలు, గుడ్లు, చెనిక్కాయల నుంచే. వాటినే ఆపేస్తే గాయం మానడానికి కావాల్సిన ముడిసరుకును మనమే ఆపేసినట్టు. కొల్లాజెన్ గట్టిపడాలంటే విటమిన్ సి కూడా కావాలి. ఉసిరి, జామ, నిమ్మ చాలు.

బాలింతకు నీళ్లు ఎక్కువ ఇస్తే కుట్లు చీము పడతాయన్నది ఇంకో అపోహ. నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. డాక్టర్ ప్రత్యేకంగా వద్దంటే తప్ప దాహమైనంత తాగనివ్వండి. ఎప్పుడు ద్రవాలు మొదలుపెట్టాలి, ఎప్పుడు సంగటి, అన్నం పెట్టాలి అన్నది మాత్రం ఆపరేషన్ చేసిన డాక్టర్ చెప్పినట్టే చేయండి.

నిజంగా మానడాన్ని ఆలస్యం చేసేవి వేరే ఉన్నాయి. అదుపులో లేని షుగర్, రక్తహీనత, బీడీ, సిగరెట్. పొగ తాగితే గాయానికి అందే ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఆపరేషన్ తేదీ ముందే ఖరారైతే కనీసం కొన్ని వారాల ముందు నుంచే మానేయడం మంచిది.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆగొద్దు

మొదట్లో చెప్పిన ఆమె దగ్గరికి మళ్లీ వద్దాం. ఎనిమిదేళ్ల కిందటి ఆపరేషన్‌కూ నిన్నటి వాంతులకూ సంబంధం ఉంటుందా? ఉండొచ్చు. అతుకు తాడు కింద పేగు ఇరుక్కుంటే దారి మూసుకుపోతుంది. ఇది ఆపరేషన్ అయిన వారం తర్వాత రావొచ్చు, ఇరవై ఏళ్ల తర్వాతా రావొచ్చు. చిన్నపేగు మూసుకుపోయే కేసుల్లో ప్రపంచవ్యాప్తంగా సగానికి పైగా కారణం ఈ అతుకులే. మన దగ్గర హెర్నియా, పేగుల క్షయ కూడా కారణాలే.

గుర్తుపట్టడం ఇలా. నొప్పి అలలు అలలుగా మెలిపెట్టినట్టు వచ్చిపోతుంటుంది. వాంతులు ఆగవు, పచ్చగా పసరు వాంతి అవుతుంది. కడుపు ఉబ్బిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా.. విరేచనం కాదు, గ్యాస్ కూడా పోదు. ఈ నాలుగూ కలిసి వస్తే అది గ్యాస్ ట్రబుల్ కాదు. సోడా, వాము నీళ్లు, విరేచనాల మాత్రలు వద్దే వద్దు. మూసుకున్న పేగు మీద విరేచనాల మందు ఒత్తిడి పెంచుతుంది. వెంటనే 108కు ఫోన్ చేసి సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.

వచ్చిపోయే నొప్పి ఆగకుండా ఉండే నొప్పిగా మారినా, జ్వరం వచ్చినా, కడుపు చెక్కలా గట్టిపడినా పేగుకు రక్తం ఆగిపోతోందేమోనని అనుమానించాలి. అప్పుడు ప్రతి గంటా విలువైందే.

ఆసుపత్రికి వెళితే కచ్చితంగా కోసేస్తారన్న భయం కూడా అక్కర్లేదు. పేగుకు రక్తం అందుతోందని తేలితే చాలా కేసుల్లో ముక్కు గుండా గొట్టం వేసి కడుపు ఖాళీ చేసి, సెలైన్ ఎక్కించి రెండు, మూడు రోజులు కనిపెట్టుకుని ఉంటారు. చాలా మందికి దారి దానంతట అదే తెరుచుకుంటుంది. సమయానికి వెళ్లినవాళ్లకే ఆ అవకాశం. పేగు నల్లబడ్డాక వెళితే ఆ భాగం కోసి తీసేయడం తప్ప దారి ఉండదు.

ఇవి గుర్తుంచుకోండి

కడుపునొప్పితో ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా 'నాకు ఫలానా సంవత్సరం ఫలానా ఆపరేషన్ అయింది' అని అడగకముందే చెప్పండి. సిజేరియన్, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు కూడా లెక్కలోకి వస్తాయి. చాలా మంది వాటిని అసలు ఆపరేషన్లుగానే చెప్పరు.

డిశ్చార్జ్ కాగితాలు పారేయకండి. రేషన్ కార్డు, ఆధార్ పెట్టే కవర్‌లోనే పెట్టండి. లోపల ఏం చేశారో ఇంకో డాక్టర్‌కు తెలిసేది వాటి ద్వారానే. ఆపరేషన్ ఖర్చు గురించి బెంగ ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో అడగండి.

రెండో సిజేరియన్, మూడో సిజేరియన్ అవుతున్న కొద్దీ అతుకులు పెరుగుతాయి. గర్భసంచి మూత్రాశయానికి అతుక్కుని ఆపరేషన్ కష్టమవుతుంది. అవసరమైతే సిజేరియన్ ప్రాణం కాపాడుతుంది, అందులో అనుమానం లేదు. కానీ ముహూర్తం కోసమో, నొప్పులు పడలేమనో కోయించుకునే ముందు ఈ సంగతి కూడా డాక్టర్‌తో మాట్లాడండి. గొట్టాల చుట్టూ పడే అతుకుల వల్ల కొందరిలో మళ్లీ గర్భం రావడం కూడా ఆలస్యమవుతుంది.

'కడుపులో అతుకులు కరిగిస్తాం' అంటూ చూర్ణాలు, కషాయాలు అమ్మేవాళ్లను నమ్మొద్దు. ఒకసారి గట్టిపడిన అతుకును కరిగించే మాత్ర గానీ, పథ్యం గానీ లేవు. ఇబ్బంది పెట్టని అతుకును ముట్టుకోకుండా వదిలేయడమే మంచిది. ఎందుకంటే దాన్ని విడదీయడానికి చేసే ఆపరేషన్ కూడా పొరకు మరో గాయమే.

చివరిగా ఒక్క మాట. కడుపు లోపలి పొర వారం, పది రోజుల్లో తన గాయాన్ని తానే మాన్పుకుంటుంది. ఆ వారం రోజులు దానికి కావాల్సింది మంచి తిండి, శుభ్రత, కాస్త విశ్రాంతి. ఆ తర్వాత ఏళ్లకు ఎప్పుడైనా అది నొప్పితో పిలిస్తే.. 'గ్యాసే' అనుకుని తలుపు వేసుకోకండి. ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మీ సమస్య ఏదైనా మీ డాక్టర్‌ను సంప్రదించాకే నిర్ణయం తీసుకోండి.